రాత్రి రెండు గంటలకు చూసే లెక్క

"మావారి వయసు 33 సంవత్సరాలు. చీరలు, డ్రెస్సులు ఇంటర్నెట్లో అమ్మే ఒక కంపెనీలో ప్రకటనల విభాగంలో ఉద్యోగం. సిగరెట్టు, తాగుడు లేవు. ఎనిమిది నెలలుగా ఆయనకు సరైన నిద్ర లేదు. పదకొండింటికి పడుకుంటారు. రెండింటికో మూడింటికో ఎవరో తట్టి లేపినట్టు లేచి, ఫోను తీసి అంకెలు చూసుకుంటారు. ఒకనాటి రాత్రి మంచం మీద లేచి కూర్చుని 'తినేసింది, మొత్తం తినేసింది' అన్నారు. నేను హడలిపోయాను. ఆ రోజు ప్రకటనలకు కేటాయించిన డబ్బంతా ఖర్చయిపోయిందని దాని అర్థమట! గుండె దడ, ఎడమ పక్క పట్టేసినట్టుండడం, అరచేతుల్లో చెమట. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ పరీక్షలు చేయించాం. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. నాలుగు నెలల క్రితం ఎవరో స్నేహితుడు చెప్పాడని మందుల షాపులో ఆల్‌ప్రజోలం 0.5 మాత్రలు తెచ్చుకున్నారు. మొదట రోజుకొకటి. ఇప్పుడు మూడు వేసుకుంటే తప్ప కన్ను మూతపడడం లేదు. పోయిన నెలలో షాపులో దొరక్క రెండు రోజులు మానేస్తే చేతులు వణికాయి, ఊరికే పాపాయి మీద అరిచారు. మా అత్తగారు దిష్టి తగిలిందంటున్నారు. మా నాన్నగారు ఆ ఉద్యోగం మానిపించెయ్యమంటున్నారు. ఇది గుండెజబ్బా? పిచ్చికి మొదలా? నన్నేం చెయ్యమంటారు? దయచేసి పేరు వెయ్యకండి."

— ఒక సోదరి, హైదరాబాదు

అమ్మా, మీ ఉత్తరంలో తొందరపడవలసిన సంగతి ఒకటుంది, నిదానంగా చూసుకోవలసిన సంగతి ఒకటుంది. మీరు గుండె గురించి తొందరపడుతున్నారు. నేను మాత్రల గురించి తొందరపడుతున్నాను. కనుక ముందు మాత్రల సంగతి చెబుతాను.

ఆల్‌ప్రజోలం చెడ్డ మందేమీ కాదు. అవసరమైనవారికి, కొద్దిరోజులపాటు, డాక్టరు చూస్తూ ఉండగా ఇచ్చే మందు. ఆందోళనను అప్పటికప్పుడు అణుస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. కొన్ని వారాలకే శరీరం దానికి అలవాటుపడిపోతుంది. మొదట ఒక్క మాత్రకు వచ్చిన నిద్ర తర్వాత రెంటికి గాని రాదు, ఆ తర్వాత మూటికి గాని రాదు. మీవారి విషయంలో జరిగింది అక్షరాలా ఇదే. రెండు రోజులు మానేసినప్పుడు చేతులు వణకడం, చిరాకు రావడం అసలు జబ్బు ముదిరినందువల్ల కాదు, మందు ఒక్కసారిగా ఆగినందువల్ల. ఇలా హఠాత్తుగా మానేసినవారిలో కొందరికి మూర్ఛ కూడా వస్తుంది. మా ఆసుపత్రి క్యాజువాల్టీకి అటువంటి కేసులు వచ్చాయి. ఇంట్లోవాళ్లు కోపం పట్టలేక మాత్రల స్ట్రిప్పు బయట పారేశారు, మూడోనాడు మనిషి ఫిట్స్‌తో వచ్చాడు. కాబట్టి మీరు మాత్రలు దాచిపెట్టడం, పారెయ్యడం వంటివి చెయ్యకండి. అలాగని కొత్తగా పెంచనూ వద్దు. ఈ వారంలోనే మానసిక వైద్యుణ్ణి, లేదా నమ్మకమున్న జనరల్ ఫిజీషియన్‌ను కలిసి, ఎన్నాళ్లుగా ఎన్ని వేసుకుంటున్నారో దాచకుండా చెప్పండి. ఆయన అవసరమైతే మందు మార్చి, వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఎంత తగ్గించాలి, ఎన్నాళ్లకొకసారి తగ్గించాలి అన్నది మనిషిని చూసి నిర్ణయించాలి గాని పత్రికలో రాయకూడదు. ఈ లోపల మద్యం ముట్టకూడదు. తలనొప్పికీ దగ్గుకీ తెచ్చుకునే మత్తుమందులు కలవకూడదు. మాత్ర ప్రభావం ఉండగా మోటారుసైకిలు నడపకూడదు.

చీటీ లేకుండా ఈ మాత్రలు ఎలా దొరికాయన్నది వేరే ప్రశ్న. 2014 నుంచి ఇవి హెచ్1 షెడ్యూలులో ఉన్నాయి. అంటే డాక్టరు చీటీ చూసి, రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసుకుని అమ్మవలసినవి. ఆచరణ ఎలా ఉందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇక గుండె సంగతి. పరీక్షలన్నీ బాగున్నాయంటే చాలా మటుకు ఊరటే. కాని 33 ఏళ్ల మనిషికి గుండెజబ్బు రానే రాదని చెప్పే రోజులు పోయాయి. మనవాళ్లకు పాశ్చాత్యులకంటే ముందుగానే వస్తోంది. మెట్లెక్కినప్పుడు, బరువెత్తినప్పుడు నొప్పి వస్తుంటే, అది దవడకో ఎడమ చేతికో పాకుతుంటే, దానితో చల్లని చెమటలు పడితే, 'మొన్ననే ఈసీజీ తీయించాం కదా' అనుకోక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. అలా కాకుండా మంచం మీదో కుర్చీలోనో కూర్చుని ఉన్నప్పుడు దడ వచ్చి, కాసేపు నడిస్తే సర్దుకుంటున్నదంటే అది చాలావరకు ఆందోళన వల్ల వచ్చిన దడ. బి.పి., షుగరు, కొలెస్టరాలు, రక్తంలో హెమోగ్లోబిను ఒకసారి చూపించి ఉంచండి. మీ ఉత్తరంలో ఆ నాలుగూ కనిపించలేదు.

ఇది పిచ్చికి మొదలు కాదు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఆయన ఎదుట అనకండి.

ఇప్పుడు నిదానంగా చూసుకోవలసిన సంగతికి వస్తాను. అది ఆయన పని. 1700లో ఇటలీలో రమజ్జినీ అనే వైద్యుడు వృత్తుల వల్ల వచ్చే జబ్బుల గురించి ఒక పుస్తకం రాశాడు. రోగిని అడిగే ప్రశ్నలకు 'నువ్వేం పని చేస్తావు?' అన్న ప్రశ్న కూడా చేర్చమన్నాడు. మా ఓ.పి. చీటీ మీద వృత్తి అని ఒక గడి ఉంటుంది. ఎన్నో ఏళ్లు నేను వీపున సంచీ తగిలించుకొచ్చిన ప్రతి కుర్రవాడికీ అందులో 'సాఫ్ట్‌వేర్' అని రాసేవాణ్ణి. ఒకాయన, "నేను సాఫ్ట్‌వేర్ కాదు సార్, పీపీసీ" అన్నాడు. మా ఆసుపత్రుల్లో పీపీ యూనిట్ అంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసే విభాగం. నేను ఆయన మొహం వంక అనుమానంగా చూశాను. చివరికి మా తమ్ముడి కూతురు, తనూ ఇదే పని చేస్తుంది, ఒక ఆదివారం నాకు లాప్‌టాప్ ముందు పెట్టి పాఠం చెప్పింది. అది తెలిశాక మీవారు అర్ధరాత్రి 'తినేసింది' అనడం నాకు వింతగా అనిపించలేదు.

మీరు సెల్‌ఫోనులో 'కంచిపట్టు చీర' అని వెతికారనుకోండి. ఫలితాలు కనిపించేలోపల, రెప్పపాటులో, ఒక వేలంపాట జరిగిపోతుంది. కంచిపట్టు అమ్మే దుకాణాలు నాలుగో పదో, ఆ మాటకు తాము ఎంతవరకు ఇవ్వగలమో ముందే చెప్పి ఉంచుతాయి. పాట ఎక్కువ పెట్టినవాడిదే పైచేయి కాదు. ఆ ప్రకటన మీరు వెతికినదానికి ఎంత తగినట్టుంది, నొక్కి లోపలికి వెళితే సరైన పేజీ ఉందా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ప్రకటన కనిపించినందుకు డబ్బు లేదు. మీరు దానిమీద నొక్కితేనే దుకాణంవాడి ఖాతాలోంచి డబ్బు పోతుంది. 'నొక్కుకు ఇంత' అన్నదే పీపీసీ. ఈ పద్ధతిని 1998లో అమెరికాలో గోటూ అనే వెతుకుడు సంస్థ నడిపి చూపించింది. గూగుల్ తన ప్రకటనల వ్యవస్థను 2000లో మొదలుపెట్టి, 2002లో నొక్కుల వేలంలోకి దిగింది. యాడ్‌వర్డ్స్ అన్న దాని పేరును 2018లో గూగుల్ యాడ్స్ అని మార్చారు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటివి కూడా తమ దుకాణంలోపలే ఇటువంటి వేలాలు నడుపుతాయి.

నొక్కుకు 8 రూపాయలనుకోండి. వందమంది నొక్కితే 800. వందలో ఇద్దరు తలా 1,500 రూపాయల చీర కొన్నారు. 800 పెడితే 3,000 వచ్చింది, అంటే రూపాయికి మూడు రూపాయల ముప్పావలా. దీన్ని వాళ్లు 'రోయాస్' అంటారు. ఈ అంకె పెరిగితే మెప్పు, తగ్గితే తిట్లు. కాని మన దేశంలో డబ్బు ఇంటి దగ్గర చేతికిచ్చి తీసుకునే అలవాటు ఎక్కువ కదా! ఆ ఇద్దరిలో ఒకావిడ, చీర గుమ్మం దాకా వచ్చాక వద్దని తిప్పి పంపిందనుకోండి. మూడు రూపాయల ముప్పావలా కాస్తా రూపాయి ఎనభై ఏడు పైసలవుతుంది. చీర గుడ్డ ఖరీదు, రవాణా అందులోంచే పోవాలి. నిన్న సాయంత్రం నవ్విన అంకె వారం తర్వాత ఏడుస్తుందన్నమాట. ఇంకొక చిత్రం కూడా చెప్పింది మా అమ్మాయి. పట్టుచీర మీద నూనె మరక ఎలా పోగొట్టాలా అని వెతికేవాళ్లు, పాత పట్టుచీరలు ఎవరైనా కొంటారా అని వెతికేవాళ్లు కూడా ఒక్కోసారి ఈ ప్రకటన మీదే నొక్కుతారట. అంతా దండగ ఖర్చు. అటువంటి మాటలు రోజూ ఏరి, వీటికి మా ప్రకటన చూపవద్దని జాబితా రాయడం వాళ్ల పనిలో సగం. బియ్యంలో రాళ్లు ఏరినట్టే ఉంది.

నేను ప్రకాశం జిల్లాలో పనిచేసిన రోజుల్లో పొగాకు వేలం చూశాను. అక్కడా రైతు గుండె దడదడలాడుతుంది. కాని పాట ముగిశాక బేలు అమ్ముడైతే అయింది, లేకపోతే లేదు. వేలం కేంద్రానికి తలుపులు మూస్తారు, రైతు బండెక్కి ఇంటికి పోతాడు. మీవారి వేలానికి తలుపులు లేవు. ఆయన నిద్రపోతున్నప్పుడు కూడా ఎక్కడో ఎవరో నొక్కుతూనే ఉంటారు. దసరా, దీపావళి అమ్మకాల రోజుల్లో అర్ధరాత్రి పన్నెండు గంటలకే అసలు జాతర మొదలవుతుంది.

శరీరానికి మాత్రం తలుపులున్నాయి. మన మెదడులో, రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు కలిసే చోటుకు కొంచెం పైన, ఆవగింజంత గడియారం ఉంది. కంటిలో పడే వెలుతురును బట్టి అది రాత్రి, పగలు అని శరీరమంతటికీ చెబుతుంది. కణాల్లో ఈ గడియారం ఎలా తిరుగుతుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి వచ్చింది. రాత్రి రెండింటికి ఫోను వెలుతురు కంట్లో పడితే గడియారం తికమకపడుతుంది. దానికి తోడు, కనిపించిన అంకె చెడ్డదైతే అడ్రినలిన్ ఊరుతుంది. పులి ఎదురైతే పరుగెత్తడానికి ప్రకృతి ఇచ్చిన ఏర్పాటు అది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, అరచేతులు చెమర్చుతాయి, ఛాతీ కండరాలు బిగుసుకుంటాయి, పొట్టలో ఆమ్లం పెరుగుతుంది. పరుగెత్తడానికి పులి లేదు, మంచం మీద ఫోను మాత్రమే ఉంది. మీరు రాసిన లక్షణాలన్నీ ఇక్కడివే.

మరి చెడ్డ అంకె చూసి బాధపడేవాడు చూడడం మానెయ్యవచ్చు కదా అంటారు. మానలేడు. స్కినర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పావురాల మీద చేసిన ప్రయోగాలు మేము కాలేజీలో చదువుకున్నాం. మీట నొక్కిన ప్రతిసారీ గింజలు పడితే పావురం ఆకలైనప్పుడే నొక్కుతుంది. ఎప్పుడు పడతాయో తెలియకుండా అప్పుడప్పుడు పడితే, ఆగకుండా నొక్కుతూనే ఉంటుంది. ఫోను తీసినప్పుడు ఒకసారి శుభవార్త, మూడుసార్లు అశుభవార్త. అందుకే చెయ్యి దానంతటదే తలగడ కిందికి పోతుంది. ఇది బలహీనత అనుకోకండి, జీవుల స్వభావమే అంత.

మీవారికి నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇది. ఆయన చేత ఈ పేరా చదివించండి. అయ్యా, టైఫాయిడ్ రోగికి సరైన మందు మొదలుపెట్టాక కూడా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పడుతుంది. మేము వార్డులో ఆరు గంటలకొకసారి జ్వరం చూసి చార్టులో చుక్క పెట్టిస్తాం. రోగి తల్లి మాత్రం అయిదు నిమిషాలకొకసారి నుదుటి మీద చెయ్యి వేసి, 'తగ్గలేదు, మందు మార్చండి' అంటుంది. ఆవిడ మాట విని రెండో రోజున మందు మార్చే డాక్టరు రోగిని చెడగొడతాడు. మీ లెక్కలూ అంతేనని మా అమ్మాయి చెప్పింది. ఇవాళ నొక్కిన మనిషి ఒకటో తారీఖున జీతం పడ్డాక కొంటాడు. కనుక ఇవాళ్టి అంకె ఇంకా పూర్తి కాని అంకె. రాత్రి రెండింటికి నాలుగు నొక్కులు, సున్నా అమ్మకాలు కనిపిస్తే దానికి అర్థం ఏమీ లేదు. దాన్ని చూసి పాట తగ్గించడం, పొద్దున మళ్లీ పెంచడం చేస్తే, తనంతట తాను పాట పాడే యంత్రం కూడా నేర్చుకోలేక తికమకపడుతుందట. అంటే ఆ వేళప్పుడు మీరు చూస్తున్నది మీ పనికి కూడా పనికిరాదు. 'తినేసింది' అన్నదానికీ ఒక నియమం ఉందని తెలిసి ఆశ్చర్యపోయాను. గూగుల్‌లో 2017 నుంచి, రోజుకని మీరు రాసిన సగటు బడ్జెట్టుకు రెట్టింపు దాకా ఒక్కోరోజు ఖర్చు కావచ్చు, నెల మొత్తం మీద మాత్రం 30.4 రోజుల లెక్క దాటదు. ఇది మీకు నాకంటే బాగా తెలుసు. పగలు తెలిసిన సంగతి రాత్రి రెండింటికి గుర్తుకురాదు. నిద్ర చాలని మెదడు తీరు అది.

అలాగని భయానికి కారణమే లేదని నేను అనను. 5,000 అని కొట్టవలసిన చోట చెయ్యి జారి ఒక సున్నా ఎక్కువ పడితే 50,000 అవుతుంది. అటువంటి పొరపాటు ఒకసారి చేసి మాట పడ్డవాడికి తర్వాత నిద్ర పట్టదు. మీవారికి ఎనిమిది నెలల క్రితం అటువంటిదేమైనా జరిగిందేమో మెల్లిగా అడిగి చూడండి. జరిగి ఉంటే ఆ మాట మానసిక వైద్యుడికి తప్పక తెలియాలి. నిజమైన భయానికి మందు నిజమైన కట్టుదిట్టమే. ఫలానా మొత్తం దాటితే ప్రకటన దానంతటదే ఆగిపోయేలా నియమం పెట్టుకునే వీలుందట. కొత్త బడ్జెట్టు వేసేటప్పుడు రెండో మనిషి చూసి ఒప్పుకున్నాకనే అమలు చేసే పద్ధతి పెట్టుకోవచ్చు. మేము రక్తం ఎక్కించేటప్పుడు సీసా మీది గ్రూపును ఇద్దరం చదువుతాం. అందులో నామోషీ ఏముంది?

మూడోది, డ్యూటీ చార్టు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు డ్యూటీ లేని రాత్రులు కూడా క్యాజువాల్టీ గంట మోగినట్టు వినిపించి లేచి కూర్చునేవాణ్ణి. ఒకసారి చెప్పులేసుకుని వెళ్లిపోయాను కూడా. అక్కడ ఉన్న పెద్ద సిస్టరుగారు, "డాక్టరుబాబూ, ఇవాళ చార్టులో మీ పేరు లేదు, వెళ్లి పడుకోండి" అని గద్దించి పంపింది. మీవారి విభాగంలో ఆరుగురు ఉన్నారనుకోండి. అమ్మకాల పండుగ రోజుల్లో రాత్రి ఎవరో ఒకరు చూడవలసిందే. ఆ ఒకరు ఎవరో చార్టులో రాసి ఉండాలి. మర్నాడు ఆ మనిషికి సెలవుండాలి. ఎవరి పేరూ రాయకపోతే ఆరుగురూ మేలుకుంటారు. ఇది మీవారు ఒక్కరూ తెచ్చుకోగలిగింది కాదు, పైఅధికారిని అడగాలి. అడగడానికి జంకితే, డాక్టరు ఇచ్చిన చీటీ చూపించమనండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పని వల్ల వచ్చే ఈ అలసటను తన జాబితాలో జబ్బుగా కాకపోయినా ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా చేర్చింది. 2021లో అదే సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి లెక్కలు కట్టాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారికంటే పక్షవాతం వచ్చే ప్రమాదం 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ప్రమాదం 17 శాతం ఎక్కువని చెప్పాయి. మీవారి గంటలు, రాత్రి చూసేవి కూడా కలిపి, ఒక వారంపాటు కాగితం మీద రాసి చూడండి.

ఇంట్లో చెయ్యవలసినవి కొన్ని ఉన్నాయి. ఫోను హాల్లో ఛార్జింగుకు పెట్టాలి, పడకగదిలోకి రాకూడదు. పొద్దున లేవడానికి పాతకాలపు అలారం గడియారం ఒకటి కొనండి. రాత్రి పది దాటాక అంకెలు చూడకూడదు, పొద్దున స్నానం, టిఫిను అయ్యాకనే మొదటిసారి చూడాలి. మొదటి పదిరోజులు ఇది ఆయనకు నరకంగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. కాఫీ, టీ మధ్యాహ్నం రెండింటి తర్వాత వద్దు. సాయంత్రం అయిదింటికి తాగిన కాఫీలో సగం రాత్రి పదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. పడుకున్నాక ఇరవై నిమిషాలకు నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి, ఇంకో గదిలో మసక వెలుతురులో కూర్చుని, ఆవులింతలు వచ్చాకనే తిరిగి రావాలి. రాత్రి ఎంత ఆలస్యమైనా పొద్దున లేచే వేళ మారకూడదు, ఆదివారం కూడా. పొద్దుటెండలో అరగంట నడవాలి. మందులు తగ్గించే రోజుల్లో ఇదంతా మరీ ముఖ్యం. మాత్రలు లేకుండా నిద్రను దారికి తెచ్చే చికిత్స ఉంది, మానసిక వైద్యులు, సైకాలజిస్టులు వారాల లెక్కన నేర్పుతారు. దగ్గరలో ఎవరూ దొరక్కపోతే 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్‌కు, 14416 నంబరుకు, ఫోను చెయ్యండి. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ఉద్యోగం మానిపించమంటారా అని అడిగారు. ఇప్పుడు వద్దు. నిద్ర లేని మనిషి చేత పెద్ద నిర్ణయాలు చేయించకూడదు. మాత్రలు తగ్గి, రెండు నెలలు సరిగ్గా నిద్రపోయాక, అప్పుడు కూడా ఆ పని తనవల్ల కాదనిపిస్తే ఆయనే చెబుతారు. మీ నాన్నగారికి ఈ మాట నేను చెప్పానని చెప్పండి. మీ అత్తగారు దిష్టి తీస్తానంటే తియ్యనివ్వండి. ఉప్పు, మిరపకాయల వల్ల నష్టం లేదు, కొడుకు పక్కన ఆవిడ కాసేపు కూర్చున్నట్టూ ఉంటుంది. పాపాయి మీద అరిచినందుకు ఆయన లోలోపల కుమిలిపోతూ ఉంటారు, దాన్ని ఎత్తిపొడవకండి. డాక్టరు దగ్గరికి మీరు కూడా వెంట వెళ్లండి. మూడు మాత్రలను ఒకటని చెప్పే రోగులను నేను చాలామందిని చూశాను.

"నేనూ ఇదే పనిలో ఉన్నాను. అమెరికా దుకాణాల ప్రకటనలు చూస్తాను, రాత్రి డ్యూటీ. వయసు 26. సాయంత్రానికి కళ్లు మంట, ఇసుక పడ్డట్టు గరగర. షాపువాడు ఇచ్చిన చుక్కలు వేసుకుంటే హాయిగా ఉంటోంది. నవంబరులో పని ఇంకా పెరుగుతుంది. అద్దాలు కావాలా?"

— కుమారి, విశాఖపట్నం

నవంబరు నాలుగో గురువారం మర్నాడు వాళ్లకు పెద్ద అమ్మకాల రోజని నాకూ ఈమధ్యనే తెలిసింది. ఆ లోపలే కళ్ల డాక్టరుకు చూపించుకో తల్లీ. మామూలుగా మనం నిమిషానికి పదిహేను, ఇరవైసార్లు రెప్ప వేస్తాం. తెరమీద అంకెలు చదివేటప్పుడు అది బాగా తగ్గిపోతుంది. ఏ.సి. గాలి ఎదురుగా తగిలితే కంటి తడి ఇంకా త్వరగా ఆరిపోతుంది. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరాన ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడు, గట్టిగా నాలుగుసార్లు రెప్పలు వెయ్యి. తెర కంటికంటే కొంచెం కిందికి ఉండాలి. అద్దాలు అవసరమా కాదా అన్నది పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

నన్ను కలవరపెట్టింది షాపువాడి చుక్కలు. వేసిన వెంటనే హాయిగా ఉండే చుక్కల్లో కొన్నింటిలో స్టెరాయిడు ఉంటుంది. నెలల తరబడి వాడితే కంటి లోపలి ఒత్తిడి పెరిగి, నొప్పి తెలియకుండానే చూపు పోవచ్చు. సీసా మీద ఉన్న మందు పేర్లు, ఎన్నాళ్లుగా వేసుకుంటున్నావో ఒక కాగితం మీద రాసుకుని, ఆ సీసాతో సహా డాక్టరు దగ్గరికి వెళ్లు. వెళ్లినప్పుడు కంటి ఒత్తిడి కూడా కొలవమని అడుగు.